వార్ధక్యంలో వస్త్రధారణ: ముడి నుంచి అయస్కాంతం దాకా

1963లో సిడ్నీ కాట్జ్ అనే అమెరికన్ వైద్యుడు తన సహచరులతో కలిసి వృద్ధ రోగుల స్వావలంబనను కొలిచే ఒక సూచికను ప్రకటించాడు. స్నానం, వస్త్రధారణ, మరుగుదొడ్డి వాడకం, పడక మీది నుంచి లేచి కుర్చీలోకి మారడం, మలమూత్రాల మీద అదుపు, భోజనం అనే ఆరు పనులలో ఒక వ్యక్తి వేటిని పరసహాయం లేకుండా చేసుకోగలడన్నదే అందులోని ప్రశ్న. తుంటి ఎముక విరిగిన వృద్ధులను, ఇతర దీర్ఘరోగులను పరిశీలించిన ఆ వైద్యబృందానికి ఒక క్రమం కనిపించింది. శక్తులు ఉడిగేటప్పుడు సాధారణంగా మొదట పోయేది స్నానం, ఆ వెనువెంటనే వస్త్రధారణ. తన చేత్తో తాను అన్నం తినే శక్తి అన్నిటికంటె చివర పోతుంది. అంటే ఎంతోమంది వృద్ధులు తమంతట తాము భోజనం చేయగలిగి, నడవగలిగి, ఉదయాన్నే చొక్కా తొడుక్కోవడానికి మాత్రం మరొకరి కోసం ఎదురుచూస్తూ కూర్చునే దశ ఒకటి ఉంటుంది. కొందరి విషయంలో ఆ దశ ఏళ్ల తరబడి సాగుతుంది.

అదే సూచికలో వస్త్రధారణకు ఇచ్చిన నిర్వచనంలో ఒక మినహాయింపు కూడా ఉంది. బీరువాలోంచి బట్టలు తీసుకోవాలి, తొడుక్కోవాలి, బొత్తాలూ కొక్కేలూ తానే పెట్టుకోవాలి. కాని చెప్పుల తాళ్లు కట్టుకోలేకపోయినా ఫరవాలేదు. తాడు కట్టుకోలేకపోవడం మనిషి లోపంగా లెక్కకు రాదని వైద్యులు ఒప్పుకున్నారన్నమాట. బొత్తానికి ఆ మన్నింపు దొరకలేదు. దుస్తుల చరిత్రను వృద్ధుల వైపు నుంచి చదివేవారికి ఈ తేడా ఆసక్తి కలిగిస్తుంది. ఏ దుస్తు అయినా దానిని ఎవరి చేతులు బిగిస్తాయన్న ఒక ఊహతోనే తయారవుతుంది. ఆ ఊహలో వృద్ధుల చేతులకు చోటు దొరికిన సందర్భాలు చరిత్రలో తక్కువ. దొరికినప్పుడు మాత్రం ఫలితం అందరికీ పనికివచ్చింది.

బొత్తాము పెట్టుకోవడం చూడటానికి అల్పమైన పని. బొటనవేలు, చూపుడువేలు కలిసి ఒక చిన్న బిళ్లను పట్టుకోవాలి. రెండో చేయి గుడ్డలోని చీలికను తెరిచి ఉంచాలి. బిళ్లను నిలువుగా తిప్పి అందులోంచి దూర్చి అవతలి నుంచి లాగాలి. కీళ్లవాతంతో వేళ్లు బిగుసుకున్నవారికి, పార్కిన్సన్ వ్యాధితో చేయి వణికేవారికి, పక్షవాతంతో ఒక చేయి పడిపోయినవారికి, వేలికొనలలో స్పర్శ తగ్గిన మధుమేహ రోగులకు ఈ నాలుగు కదలికలలో ఏదో ఒకటి సాధ్యం కాదు. భుజం పట్టేసినవారి కష్టం వేరు. తల మీదుగా తొడుక్కునే లాల్చీకి చేతులు పైకెత్తాలి, వెనుక కొక్కేలున్న రవికకు చేతులు వీపు మీదికి పోవాలి. రెండూ వారికి కుదరవు.

భారతీయుల పాత దుస్తులలో అధిక భాగం కుట్టు లేనివి. పంచె, ఉత్తరీయం, చీర మూడింటికీ బొత్తాము లేదు, కొలత లేదు, ముందు వెనుకలు లేవు. ఒళ్లు తగ్గినా పెరిగినా అదే గుడ్డ సరిపోతుంది. వృద్ధాప్యంలో నడుము వంగినా అంచు కిందికి జారకుండా ఎత్తి దోపుకోవచ్చు. ఇందుచేత కుట్టని వస్త్రం వృద్ధులకు సహజంగానే అనువైనదని కొందరు వాదిస్తారు. ఆ మాటలో సగమే నిజం. గోచి పోసి కట్టే పంచెకు కొంగును కాళ్ల నడుమ నుంచి వెనక్కి తీసి నడుము దగ్గర దోపుకోవాలి. వంగలేని నడుముకు అది శ్రమ. అందుకే తెలుగు దేశంలో గోచిపంచె కట్టిన ఎందరో పెద్దలు చివరి రోజులలో అడ్డపంచెకు మారారు. దానిని ఎవరూ ఒక సంస్కరణగా గుర్తించలేదు గాని, శరీరానికి తగినట్లు దుస్తును మార్చుకోవడమంటే అదే. చీర మరింత కష్టం. అయిదున్నర మీటర్ల గుడ్డను నిలబడి చుట్టుకోవాలి, కుచ్చెళ్లు ఒక చేత్తో పట్టి రెండో చేత్తో సర్దాలి, పమిటను భుజం మీదికి విసరాలి. చిన్ననాటి నుంచి అలవాటైన చేతికి అది శ్వాసవంటిది. ఒక్క చేయి పడిపోయిననాడు ఆ అలవాటంతా నిష్ప్రయోజనం. పూర్వం పల్లెలలో ముసలమ్మలు తొడిగిన ముడిరవిక మాత్రం ఈ దృష్టితో చూస్తే తెలివైన దుస్తు. ముందువైపు తెరుచుకుంటుంది, రెండు కొసలు ఎదురుగా కనిపిస్తూ ముడిపడతాయి.

దక్షిణాసియాలో వృద్ధులకు అన్నిటికంటె సులువైన దుస్తు బహుశా గొట్టంలా కుట్టిన లుంగీ. బంగ్లాదేశ్ నుంచి శ్రీలంక దాకా, అవతల బర్మాలోనూ ఏదో ఒక పేరుతో అది కనిపిస్తుంది. వంగగలిగినవారు కాళ్ల మీదుగా ఎక్కించుకుంటారు, వంగలేనివారు తల మీదుగా దించుకుంటారు. మంచం మీద కూర్చునే కట్టుకోవచ్చు. ఇంత సౌకర్యమున్నా దానికి సభామర్యాద మాత్రం అన్నిచోట్లా దక్కలేదు. బర్మాలో మంత్రులు కట్టేదే, తెలుగువారి ఇంట అతిథి రాగానే పంచెగా మారిపోతుంది.

బొత్తాము కథ మరోలా నడిచింది. మొహెంజొదారోలో గుల్లతో చేసిన బొత్తాల వంటివి దొరికాయి గాని అవి అలంకారానికి ఉపయోగపడినట్లు పండితులు భావిస్తారు. చీలికలో దూర్చి బిగించే బొత్తాము ఐరోపాలో 13వ శతాబ్దిలో ప్రచారంలోకి వచ్చింది. మన భాషలోని పదాలే దాని ప్రయాణాన్ని చెబుతాయి. బొత్తాము పోర్చుగీసు మాట. అది దూరే రంధ్రానికి దర్జీలు వాడే కాజా అనే పేరు కూడా పోర్చుగీసు నుంచే వచ్చింది. ఆ భాషలో దానికి ఇల్లు అని అర్థం. తువ్వాలు సైతం ఆ ఓడలలో దిగినదే. గుండీ హిందుస్తానీలోని ఘుండీకి రూపాంతరం; గుడ్డతో చుట్టిన చిన్న ఉండను తాటి ఉచ్చులో బిగించేవారు. వాటికి ముందు రాజాస్థానాలలో పైదుస్తులను బిగించినవి ప్రధానంగా నాడాలు, బొందులు. అబుల్ ఫజల్ ఐనీ అక్బరీలో తకౌచియా అనే అంగీని వర్ణిస్తూ, అంతకుముందు ఎడమవైపు కట్టే దానిని కుడివైపు కట్టేలా చక్రవర్తి మార్పించాడని రాశాడు. తరువాతి కాలంలో జామాను హిందువులు ఒక పక్కకు, ముస్లింలు మరో పక్కకు కట్టడం ఆనవాయితీ అయింది. ముడి ఎటు ఉండాలన్నది మతానికీ మర్యాదకూ సంబంధించిన ప్రశ్న అయిందేగాని, చంక కింద ఉన్న ఆ తాళ్లను వయసు మళ్లిన ఉమ్రావు తానే ఎలా కట్టుకోవాలన్నది ఎవరికీ ప్రశ్న కాలేదు. అతనికి నౌకరు ఉన్నాడు.

ఐరోపాలోనూ అంతే. వీపు మీద తాళ్లతో బిగించే స్త్రీల దుస్తులు పరిచారిక చేతులను ఊహించి కుట్టినవి. లోపల తొడిగే బిగుతు కవచానికి ముందువైపు తెరుచుకునే లోహపు కొక్కేలు వచ్చి, అవి 19వ శతాబ్ది మధ్యకు వాడుకలో కుదురుకున్న తరువాతే మధ్యతరగతి స్త్రీలు ఎందరో దానిని తమంతట తాము తొడుక్కోగలిగారు. అయితే ఇంట్లో తొడిగే దుస్తుల విషయంలో అప్పటికే తూర్పు నుంచి ఒక ఉపకారం అందింది. 17, 18 శతాబ్దాలలో ఇంగ్లండు పెద్దమనుషులు ఇంటిపట్టున వదులైన పొడుగు అంగీ తొడిగేవారు. ముందంతా తెరిచి ఉండి, ఒకటి రెండు కట్లతో సరిపోయే ఆ అంగీకి బనియన్ అని పేరు. అది మన వర్తక జాతి బనియాల పేరే. 1666లో శామ్యూల్ పీప్స్ తన చిత్రపటం గీయించుకోవడానికి అలాంటి భారతీయ అంగీని అద్దెకు తెచ్చుకున్నట్లు దినచర్యలో రాసుకున్నాడు. వయసు మీరిన న్యూటన్ సైతం అటువంటి అంగీలోనే ఒక చిత్రంలో కనిపిస్తాడు. ఆ పేరే ఎన్నో మలుపులు తిరిగి నేటి తెలుగు ఇళ్లలోని బనీనుగా స్థిరపడింది. విచిత్రమేమంటే ఆ బనీను ముందు తెరుచుకోదు. తల మీదుగా లాక్కోవాలి.

మరొక ఉదాహరణ యుద్ధభూమి నుంచి వచ్చింది. 1815లో వాటర్లూలో ఫిట్జ్‌రాయ్ సోమర్సెట్ అనే ఆంగ్ల సేనాధికారి కుడిచేయి పోగొట్టుకున్నాడు. తరువాత అతడే లార్డ్ రాగ్లన్ అయి, అరవై అయిదేళ్ల వయసులో క్రిమియా యుద్ధానికి సేనలను నడిపించాడు. భుజం దగ్గర అతుకు లేకుండా మెడ నుంచి ఏటవాలుగా చంక దాకా సాగే చేతులున్న కోటుకు అతని పేరు వచ్చింది. ఆ కోతలో చంక లోతుగా ఉంటుంది, చేయి పెద్దగా ఎత్తకుండానే దూరుతుంది. అదే యుద్ధంలో పాల్గొన్న కార్డిగన్ ప్రభువు పేరు ముందు తెరుచుకునే ఊలు చొక్కాకు స్థిరపడింది. ప్రపంచంలోని వృద్ధాశ్రమాలన్నిటిలో ఈ రెండూ నేటికీ కనిపిస్తాయి. వాటిని తొడిగే యువకులకు అవి మరొకరి అవసరానికి ఉపకరించే కోతలన్న స్పృహ కూడా ఉండదు.

స్వయంగా తొడుక్కోగలగడమే లక్ష్యంగా, అందానికి లోటు రాకుండా దుస్తులు రూపొందించే ప్రయత్నం ఒక పద్ధతి ప్రకారం సాగింది మాత్రం రెండవ ప్రపంచయుద్ధం తరువాత న్యూయార్కులో. గాయపడిన సైనికుల పునరావాసంలో పేరుగాంచిన డాక్టర్ హోవార్డ్ రస్క్ అక్కడి విశ్వవిద్యాలయంలో భౌతిక వైద్య, పునరావాస సంస్థను నడిపేవాడు. అక్కడ రోగులకు నడవడం, మెట్లెక్కడం, వంట చేయడం మళ్లీ నేర్పేవారు. ఇంటికి వెళ్లిన రోగికి మొదటి ఉదయమే ఎదురయ్యే అడ్డంకి బట్టల బీరువా. ఈ పనికి పూనుకున్న హెలెన్ కుక్‌మన్ అప్పటికే పేరున్న దుస్తుల రూపకర్త. ఆమెకు స్వయంగా వినికిడి లోపం ఉంది. న్యూయార్క్ టైమ్స్‌లో దీర్ఘకాలం వేషధారణ శీర్షికకు సంపాదకురాలిగా ఉన్న వర్జీనియా పోప్ ఆమెకు తోడైంది. 1955లో వారు ఆరంభించిన ప్రయత్నం ‘ఫంక్షనల్ ఫ్యాషన్స్’ అనే పేరుతో రెండు దశాబ్దాలు నడిచింది. 1961లో కుక్‌మన్, మ్యూరియల్ జిమ్మర్‌మన్ కలిసి అదే పేరుతో శారీరక వికలాంగుల దుస్తులపై ఒక పుస్తకం కూడా ప్రకటించారు. అదే ఏడాది అమెరికా వ్యవసాయ శాఖలో పనిచేసే క్లారిస్ స్కాట్ వికలాంగులైన గృహిణుల దుస్తుల మీద ఒక నివేదిక వెలువరించింది. ప్రభుత్వ శాఖ ఒకటి రవికల చంక కోతను గురించి ముద్రించడం నేటికీ అరుదైన విషయమే.

ఆ దుస్తులలో ఉన్న ఉపాయాలు చెబితే చాలా సాదావి. చుట్టుకుని ముందు బిగించే లంగా. కూర్చునే తొడుక్కునేలా పక్క కుట్టు పొడవునా జిప్పు ఉన్న ప్యాంటు. చంకకర్రల ఒరిపిడికి చిరగకుండా లోపల గట్టి గుడ్డ. చేతులు చాచినప్పుడు విచ్చుకునే వీపు మడత. చక్రాల కుర్చీలో కూర్చుంటే ఒళ్లో ముడుచుకుపోని పొట్టి కోటు. అసలు విశేషం వాటి రూపంలో ఉంది. కుక్‌మన్, పోప్ ఆసుపత్రి సామగ్రి అమ్మే దుకాణానికి పోలేదు. బానీ కాషిన్, పోలీన్ ట్రిజేర్, వెరా మాక్స్‌వెల్ వంటి అగ్రశ్రేణి రూపకర్తలను ఒప్పించారు. 1970లలో లీవైస్ సంస్థ తన నీలి ప్యాంటుకు కూడా ఇలాంటి రూపం ఇచ్చింది. చూసేవారికి అది అందరూ తొడిగే దుస్తే. తొడిగేవారికే తేడా తెలుస్తుంది.

దీనిని ఆడంబరమని కొట్టిపారేసినవారు ఉండవచ్చు. రోగికి సౌకర్యం చాలదా, సొగసు ఎందుకన్న ప్రశ్న ఇప్పటికీ వినిపిస్తుంది. అయితే అమెరికా, కెనడాల వృద్ధాశ్రమాలలో వ్యాపించిన మరొక రకం దుస్తులను పక్కన పెట్టి చూస్తే ఆ ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. అవి వీపు వైపు పూర్తిగా తెరుచుకుంటాయి. మంచం మీదున్న మనిషికి ముందు నుంచి చేతులు దూర్చి, వెనుక రెండు రెక్కలనూ భుజాల దగ్గర బిగిస్తారు. లేవలేని రోగికి అవి నిజంగా మేలు చేస్తాయి. కదిపే బాధ తప్పుతుంది. కాని అవి తొడిగించేవారి చేతుల కోసం కుట్టినవి. జామా తాళ్లలో ఉన్న ఊహే ఇందులోనూ ఉంది, నౌకరు స్థానంలో నర్సు వచ్చింది. సంస్థలకు సమయం కలిసివస్తుంది గనుక, కొద్దిపాటి సాయంతో తానే తొడుక్కోగల వృద్ధునికి సైతం వీపు తెరిచే చొక్కా తొడిగించే ప్రమాదం ఉంది. అలా చేయని పని చేతికి త్వరలోనే పూర్తిగా మరపునకు వస్తుంది.

ఫంక్షనల్ ఫ్యాషన్స్ 1970ల మధ్యకు ఆగిపోయింది. ఆ దేశంలో 1973 పునరావాస చట్టం, 1990 వికలాంగుల చట్టం వచ్చి భవనాల మెట్లు, బస్సుల తలుపులు, కార్యాలయాల ద్వారాలు న్యాయస్థానాల దృష్టికి వచ్చాయి. చొక్కా మీద దావా వేయడానికి వీలులేదు. బహుశా అందుకే ఆ విషయం చాలాకాలం మరుగున పడింది. 2016లో టామీ హిల్‌ఫిగర్ సంస్థ మొదట పిల్లలకు, మరుసటి ఏడు పెద్దలకు ఇలాంటి దుస్తులు విడుదల చేసినప్పుడు పత్రికలు దానిని సరికొత్త ఆలోచనగా వర్ణించాయి.

ఈ లోగా బిగింపు సాధనాలు మారాయి. 1913లో గిడియన్ సండ్‌బ్యాక్ రూపొందించిన జిప్పును కదిలించడం తేలికే గాని, కింద రెండు కొసలను కలపడం వణికే చేతికి బొత్తామంత కష్టం. కొసకు ఒక రింగు తగిలిస్తే లాగడం మాత్రం సుళువవుతుంది. 1941లో స్విట్జర్లండ్ ఇంజనీరు జార్జ్ ద మెస్ట్రాల్ కుక్కతో షికారుకు వెళ్లివచ్చి, తన బట్టలకు అంటుకున్న ముళ్లకాయలను సూక్ష్మదర్శిని కింద పరీక్షించాడు. ఉత్తరేణి పొదల మధ్య నడిచి పంచె దులుపుకోని తెలుగు రైతు ఉండడు; ఆ అంటుకునే గుణం నుంచే వెల్క్రో పుట్టింది, 1955లో దానికి హక్కుపత్రం లభించింది. పక్షవాత రోగి ఒక్క చేత్తో దానిని అదిమి బిగించగలడు. చప్పుడు చేయడం, నూలుపోగులు పట్టుకుని బలం తగ్గడం దాని లోపాలు. ఉతికేటప్పుడు మూసి ఉంచకపోతే పక్క బట్టలను పీకుతుంది. ఇటీవల వచ్చిన అయస్కాంతపు బొత్తాలు చూపులకు మామూలు చొక్కావే. పైన కుట్టిన బొత్తాము అలంకారం, కింద రెండు చిన్న అయస్కాంతాలు దగ్గరకు రాగానే వాటంతట అవే అతుక్కుంటాయి. పార్కిన్సన్ రోగులకు అవి వరం. ఛాతీలో పేస్‌మేకర్ ఉన్నవారు మాత్రం వైద్యుని అడగకుండా వాటిని తొడగరాదు. అయస్కాంతం ఆ యంత్రం పనిని మార్చగలదు. వృద్ధులలోనే ఆ యంత్రం అవసరమయ్యేవారు ఎక్కువ గనుక ఈ హెచ్చరిక చిన్నది కాదు.

2011 జనాభా లెక్కల ప్రకారం భారతదేశంలో అరవై ఏళ్లు దాటినవారు సుమారు 10 కోట్ల 38 లక్షలు. వారి దుస్తులలో గత కొన్ని దశాబ్దాలలో వచ్చిన పెద్ద మార్పును ఏ సంస్థా తలపెట్టలేదు. అది నైటీ. పగలంతా చీరలో ఉన్న తరం స్త్రీలు భుజం సహకరించనప్పుడు, కుచ్చెళ్లు పట్టు తప్పినప్పుడు దానికి మారారు. ముందు జిప్పు, వదులు చేతులు, నడుము దగ్గర బిగువు లేకపోవడం, అన్నీ సౌకర్యమే. కాని తలుపు తట్టిన చప్పుడు వినగానే భుజాల మీద తువ్వాలు వెతుక్కునే చేయి ఆ సౌకర్యానికి చెల్లించే వెలను చెబుతుంది. పెళ్లికి పిలుపు వస్తే ఒంట్లో బాగాలేదని ఇంట్లో ఉండిపోయే వృద్ధురాళ్లలో కొందరికి నిజంగా బాగాలేనిది ఒళ్లు కాదు, చీర కట్టేవారు లేకపోవడం. కుచ్చెళ్లు ముందే కుట్టి, నడుము దగ్గర కొక్కెంతో బిగించే చీరలు దుకాణాలలోకి వచ్చాయి గాని, అవి చీర కట్టడం రాని యువతుల కోసమని ప్రకటించి అమ్ముతారు.

మన దేశంలో శరీరానికి, జీవన విధానానికి తగిన సాధనాలు తయారుకాలేదని కాదు. 1968లో రామచంద్ర శర్మ అనే శిల్పి, ప్రమోద్ కరణ్ సేఠీ అనే వైద్యుడు రూపొందించిన జైపూర్ పాదం నేల మీద గొంతుక్కూర్చునే, చెప్పులు లేకుండా నడిచే మనిషిని దృష్టిలో పెట్టుకుని పుట్టింది. కృత్రిమావయవాలను తయారుచేసే ప్రభుత్వ సంస్థ కాన్పూరులో ఉంది. 2017 ఏప్రిల్ 1న నెల్లూరులో ఆరంభమైన రాష్ట్రీయ వయోశ్రీ యోజన కింద దారిద్ర్యరేఖ దిగువనున్న వృద్ధులకు ఆ సంస్థ ద్వారానే ఉచితంగా సాధనాలు అందజేశారు. చేతికర్ర, చంకకర్రలు, నడక చట్రం, మూడు నాలుగు కాళ్ల ఊతకర్ర, వినికిడి యంత్రం, చక్రాల కుర్చీ, కట్టుడు పళ్లు, కళ్లద్దాలు ఆనాటి జాబితాలోనివి. దుస్తులు అందులో లేవు.

అలాంటి చొక్కాకు కర్మాగారమేమీ అక్కరలేదు. కుట్టుమిషను ఉన్న ఏ వీధి దర్జీ అయినా పాత చొక్కా బొత్తాలు విప్పి, వాటిని కాజాల మీదనే పైపైన కుట్టివేసి, లోపల రెండు వైపులా వెల్క్రో ముక్కలు వేయగలడు. లంగా బొందు తీసి వెనుక భాగంలో మాత్రం ఎలాస్టిక్ ఎక్కించగలడు, ముందు మడతలు చెదరకుండా. వెనుక కొక్కేల రవికను ముందుకు మార్చడం, లాల్చీ మెడను బొడ్డు దాకా చీల్చి పట్టీ వేయడం ఒక పూట పని. పక్షవాతం వచ్చిన చేతిని ముందు దూర్చి, విప్పేటప్పుడు దానిని చివర తీయాలని పునరావాస కేంద్రాలలో నేర్పుతారు. ఆ చేతి వైపు చంక రెండంగుళాలు లోతుగా కోయాలన్నది దర్జీకి ఎవరైనా చెప్పాలి. చాలా ఊళ్లలో ఆ రెండు కేంద్రాల మధ్య దూరం నాలుగు వీధులకు మించదు.